కోళ్ల షెడ్డుకు సోలార్ పెట్టాక జనరేటర్ అమ్మేయొచ్చా?

డోన్ దగ్గర అయిదు వేల బ్రాయిలర్ల ఓపెన్ షెడ్డుకు సోలార్, బ్యాటరీ పెడితే పనికొస్తుందా, డీజిల్ జనరేటర్ అమ్మేయొచ్చా అని అడిగారు. మాది గుత్తి వైపు, ఇంచుమించు మీ అంత షెడ్డే. సోలార్ పెట్టుకోండన్నా, జనరేటర్ మాత్రం అమ్మొద్దు.

కోళ్లు ఎండకు తట్టుకోలేక రొప్పే వేళ, ప్యానెళ్ల నుంచి కరెంటు బాగా వచ్చే వేళ రెండూ ఒకటే. మనకు కలిసొచ్చేది అదే. మే నెల మధ్యాహ్నం ఫ్యాన్లు, ఫాగర్ల (చల్లదనానికి మంచులా నీళ్లు చిమ్మేవి) మోటార్ ఎండ మీదే నడిచిపోతాయి, బ్యాటరీని పెద్దగా ముట్టుకోవు. ఒక కిలోవాట్ ప్యానెళ్లకు మన దగ్గర రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. ఎండ ఎక్కువైతే ఇంకా వస్తుందనుకోకండి, ప్యానెల్ వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది. ఫ్యాన్ల దుమ్ము, ఈకల నూగు పడినా తగ్గుతుంది కాబట్టి తెల్లవారుజామున నీళ్లతో కడిగించాలి.

అసలు చూసుకోవాల్సింది ఇన్వర్టర్. నెట్ మీటర్‌తో (మిగిలిన కరెంటు లైన్‌కు పంపి లెక్కకట్టే మీటర్) పెట్టే మామూలు సోలార్, లైన్‌లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మన కరెంటు తగలకూడదని ఆ ఏర్పాటు. పైన ఎండ మండిపోతున్నా కింద ఫ్యాన్లు తిరగవు. అందుకే బ్యాటరీ తగిలించే హైబ్రిడ్ ఇన్వర్టరే అడగండి. మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ఇన్వర్టర్ అది తట్టుకోవాలి.

బ్యాటరీ అవసరం పొద్దుగూకాకే. రేకులు రాత్రి దాకా చల్లారవు కదా. 200 వాట్ల ఫ్యాన్లు నాలుగు, అన్నీ కలిపి 100 వాట్ల ఎల్ఈడీ బల్బులు, ఇవి మూడు గంటల సేపు నడవాలంటే 2.7 యూనిట్లు. లిథియం అయితే 4 యూనిట్ల బ్యాటరీ చాలు. ట్యూబులర్ (నీళ్లు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీ) అయితే సగానికి మించి వాడితే త్వరగా పోతుంది, కాబట్టి 12 వోల్టుల 150 ఏహెచ్‌వి నాలుగు కావాలి. ఏదైనా సరే నీడలో, గాలి ఆడే గదిలో పెట్టండి. షెడ్డు లోపల వద్దు. వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, లిట్టర్ (నేల మీద పరిచిన ఊక, రెట్ట) నుంచి వచ్చే అమ్మోనియాకు టెర్మినళ్లు తుప్పు పడతాయి.

కోడిపిల్లలు దిగినప్పుడు వాటికిచ్చే బ్రూడింగ్ వేడి మాత్రం బ్యాటరీ మీద వేయొద్దు. మొదటి వారం 32 డిగ్రీలకు పైనే ఉంచాలి. అంత వేడి బల్బులతో రాత్రంతా ఇస్తే ఏ బ్యాటరీ నిలుస్తుంది? గ్యాస్ బ్రూడరే నయం.

జనరేటర్ ఎందుకంటే, గాలివానకు స్తంభాలు పడితే రాత్రంతా కరెంటు రాదు. మరుసటి రోజు మబ్బేస్తే బ్యాటరీ నిండదు.

చివరి పేమెంట్ ఇచ్చే ముందు మెయిన్ ఆఫ్ చేయించి, ఫ్యాన్లన్నీ తిరుగుతుండగా ఫాగర్ మోటార్ ఆన్ చేసి చూపించమనండి.