బట్ట కోసే యంత్రం ఈఎంఐలో కొనవచ్చా?

ప్రశ్న: రాజమహేంద్రవరంలో ఇంటి దగ్గరే జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. నెలకు 120 గంటలు పనిచేస్తే ఖర్చులు పోను రూ.12,000 మిగులుతోంది. గౌన్ల మీద అతికి కుట్టే గుడ్డ పువ్వులు (అప్లిక్) కత్తిరించడానికే 8 గంటలు పోతున్నాయి. రూ.45,000 పెట్టి, కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఎంచుకున్న ఆకారాన్ని కోసే క్రికట్ మేకర్ యంత్రాన్ని ‘నో కాస్ట్ ఈఎంఐ’లో తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. ముందు ఆ యంత్రం మీ పనిలో ఎంతవరకు అక్కరకొస్తుందో చూడండి. బట్టను పరిచి లోపలికి పంపే జిగురు పలక (మ్యాట్) వెడల్పు 12 అంగుళాలు. జాకెట్ వెనుక భాగాన్ని విప్పి పరిస్తే అందులో పట్టదు. మడతపెట్టి పెడదామంటే అది ఒక్క పొరనే కోస్తుంది. అంటే జాకెట్లకు మీ కత్తెరే గతి. పువ్వులు, అక్షరాలు, ప్యాచ్‌వర్క్ ముక్కలు మాత్రం చక్కగా కోస్తుంది.

ఆ పనికి కూడా మేకర్ దాకా వెళ్లనక్కరలేదు. దానికి అంత ధర పలికేది తిరిగే బ్లేడు వల్ల; వెనుక ఏమీ అంటించని పల్చని బట్టనైనా కోస్తుంది. అదే కంపెనీ ఎక్స్‌ప్లోర్ రకానికి ఆ బ్లేడు లేదు, బట్ట వెనుక ఇస్త్రీతో అంటించే గట్టి పొర (ఫ్యూజింగ్) ఉండాలి. అప్లిక్‌కు మీరు ఎలాగూ ఫ్యూజింగ్ అంటిస్తారు కదా! ఎప్పటికైనా కొంటే ఆ చవక రకం చాలు. ఒకే పువ్వును వందల్లో కోసేవారికి చేత్తో తిప్పే డై యంత్రాలున్నాయి గానీ, ప్రతి ఆకారానికీ ఒక డై (కోసే అచ్చు) కొనాలి.

ఇక లెక్క. యంత్రం మూడేళ్లు నడుస్తుందనుకుంటే నెలకు రూ.1,250. మ్యాట్ జిగురు పోతుంది, బ్లేడు మొద్దుబారుతుంది, వాటికి రూ.500 వేసుకుందాం. మొత్తం రూ.1,750. మీ గంట విలువ రూ.100. నెలకు పదిహేడు, పద్దెనిమిది గంటలు ఆదా అయితేనే గిట్టుబాటు. మీకు ఆ ఎనిమిది గంటలూ మిగిలినా వచ్చేది రూ.800. అదీ ఆ సమయానికి వేరే ఆర్డర్లు చేతిలో ఉంటేనే.

‘నో కాస్ట్’ అన్న మాటకు మురిసిపోకండి. సున్నా వడ్డీ అనేది లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. సాధారణంగా వడ్డీ మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపుతారు, బ్యాంకు ఆ వడ్డీని మళ్లీ మీ నుంచే వసూలు చేస్తుంది. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. ఒకేసారి చెల్లిస్తే ఎంత తగ్గిస్తారో దుకాణంలో అడగండి, అసలు ధర తెలుస్తుంది.

ప్రస్తుతానికి చేత్తో దొర్లించే గుండ్రటి బ్లేడు (రోటరీ కట్టర్), దాని కింద పరిచే కోత మ్యాట్ కొనుక్కోండి. పొరలు పొరలుగా గౌన్లు కోయాల్సి వస్తే చేతిలో పట్టే కరెంటు రౌండ్ కట్టర్ మేలు. చేతివృత్తులవారి కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలకూ చోటుంది. ఎంపికైతే పనిముట్లకు రూ.15,000 దాకా ఈ-వోచర్ ఇస్తారు. ఇంట్లో ఒక్కరికే అవకాశం, ప్రభుత్వోద్యోగి ఉన్న కుటుంబానికి వర్తించదు. లక్ష రూపాయల అప్పు 5 శాతం వడ్డీకి వస్తుంది కానీ, చవక కదా అని ఈ యంత్రం కోసం తీసుకోకండి. అప్లిక్ పని నెలకు ఇరవై గంటలు దాటి, వరుసగా ఆరు నెలలు అలాగే సాగితే అప్పుడు ఎక్స్‌ప్లోర్ ధర అడగండి.