వర్డ్‌లో వత్తులు అలికేసినట్టు కనిపిస్తున్నాయి

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టార్ని. మా నాన్నగారు రాసిన హరికథలు ఆరు నోటుపుస్తకాలున్నాయి, అవి వర్డ్‌లో టైప్ చేస్తున్నా. ఈమధ్యే కొత్త లాప్‌టాప్ కొన్నాం, తెర చిన్నగా ఉందంటే షాపువాళ్లు మా పాత 20 అంగుళాల మానిటర్ కూడా తగిలించి ఇచ్చారు, అప్పట్నుంచీ అక్షరాలు మసకమసగ్గా ఉంటున్నాయి, ‘లక్ష్మణుడు’, ‘మత్స్యం’ లాంటి మాటల్లో వత్తులు ముద్దయిపోతున్నాయి. లాప్‌టాప్ తెర మీద కూడా మొదట్లో ఉన్నంత నీట్‌గా లేదు. అన్నిట్లోనూ కొంచెం ఉంది గానీ వర్డ్‌లో మరీ ఎక్కువ. ప్రింట్ తీస్తే మాత్రం ముత్యాల్లా వస్తోంది. కళ్లజోడు మార్పించా, తగ్గలేదు. కొత్త మానిటర్ కొనమంటున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, కొనకండి. ప్రింట్ బాగా వస్తోందంటే మీ ఫైలుకి ఏమీ కాలేదు, నాన్నగారి హరికథలు భద్రంగానే ఉన్నాయి, తేడా అంతా తెర మీద చూపించడంలోనే ఉంది. అసలు క్లూ మీరే ఇచ్చారు, మానిటర్ తగిలించాక లాప్‌టాప్ తెర కూడా మసకబారింది అన్నారు చూడండి, అంటే షాపులో ‘డూప్లికేట్’ మోడ్ పెట్టి వదిలేసి ఉంటారు. ఆ మోడ్‌లో రెండు తెరలకీ ఒకటే బొమ్మ వెళ్లాలి కాబట్టి విండోస్ రెండిటికీ కుదిరే రిజల్యూషన్ (తెర మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలన్న లెక్క) ఏదో ఒకటి పెట్టేస్తుంది. ఉదాహరణకి లాప్‌టాప్ 1920×1080, మానిటర్ 1600×900 అనుకుందాం, రెండిటికీ కలిపి 1280×720 పెట్టిందనుకోండి, అప్పుడు ఒక్కో చుక్కని మానిటర్‌లో ఒకటింపావు చుక్కగా, లాప్‌టాప్‌లో ఒకటిన్నర చుక్కగా సాగదీయాలి. పావు చుక్క అనేది తెర మీద ఉండదు కదా, అందుకని పక్క చుక్కలోకి బూడిదరంగు పూసి సర్దేస్తుంది, అదే మీకు అలికినట్టు కనిపిస్తోంది. ఇంగ్లీషు అక్షరాలైతే ఎలాగో చదివేస్తాం గానీ మనకి ఒకే అక్షరంలో పైన తలకట్టు, మధ్యలో సున్నా లాంటి బొడ్డు, కింద రెండు వత్తులు, ఇన్ని పట్టాలి, అందుకే ముందు నలిగేది తెలుగే.

ఇలా చేయండి. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న బటన్ నొక్కిపట్టి పి నొక్కండి, వచ్చిన లిస్టులో రెండు తెరల్నీ విడివిడిగా వాడుకునే ‘ఎక్స్‌టెండ్’ గానీ, మానిటర్ ఒక్కటే వాడతానంటే ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ గానీ ఎంచుకోండి. తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి పైన ఆ మానిటర్ నంబర్ మీద క్లిక్ చేసి, రిజల్యూషన్ దగ్గర పక్కన ‘రికమెండెడ్’ అని రాసున్నదే పెట్టండి. అక్షరాలు చిన్నవయ్యాయని మళ్లీ రిజల్యూషన్ తగ్గించొద్దు, చాలామంది చేసే తప్పు ఇదే, దానికి వర్డ్‌లో కింద కుడివైపు జూమ్ ఉంది, 140 పెట్టుకోండి హాయిగా. ఇదంతా అయ్యాక ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి రండి, రెండు తెరల మధ్య స్కేల్ (అక్షరాల్ని ఎంత పెద్దగా చూపాలన్న శాతం) మారినప్పుడు కొన్ని ప్రోగ్రాములు అలా వస్తేనే సర్దుకుంటాయి. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, జనరల్‌లో రెండు తెరలు వాడేవాళ్ల కోసం ఒక సెట్టింగ్ ఉంటుంది, అక్కడ ‘బెస్ట్ అప్పియరెన్స్’ మీద ఉందో లేదో చూడండి, ‘కంపాటిబిలిటీ’ మీద ఉంటే మసక వచ్చే అవకాశం ఉంది.

అప్పటికీ తగ్గకపోతే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకుని చూడండి. ఫోన్‌లో అక్షరం శుభ్రంగా ఉంటే కంప్యూటర్ లోపల అంతా బాగానే ఉంది, తేడా కేబుల్‌లోనో మానిటర్‌లోనో ఉంది, ఫోన్‌లో కూడా మసగ్గానే ఉంటే విండోస్‌లోనో వర్డ్‌లోనో ఉంది. కొత్త లాప్‌టాప్‌కి పాత మానిటర్ అంటే హెచ్‌డీఎంఐ (ఇప్పటి కేబుల్ రకం) నుంచి వీజీఏకి (పాత కేబుల్ రకం) మార్చే చిన్న కన్వర్టర్ పెట్టే ఉంటారు, వీజీఏలో సిగ్నల్ కాస్త పక్కకి జరిగినా అక్షరాలకి నీడ వస్తుంది, మానిటర్ కింద ‘ఆటో’ అనే బటన్ ఉంటే ఒకసారి నొక్కండి. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే మాత్రం కన్వర్టర్ తీసేసి నేరుగా ఆ కేబులే పెట్టించండి.

వర్డ్‌లోనే ఎక్కువ ఎందుకు అన్నారు. విండోస్‌లో క్లియర్‌టైప్ అని ఒకటి ఉంది, తెర మీద ఒక్కో చుక్కలో ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతల్ని విడివిడిగా వాడుకుని అక్షరం అంచు పదునుగా చూపిస్తుంది. 2013 వెర్షన్ నుంచి వర్డ్ దాన్ని వదిలేసి బూడిదరంగు ఛాయలతోనే అంచులు సర్దుతోంది, కాబట్టి నోట్‌ప్యాడ్ కంటే వర్డ్‌లో కాస్త మెత్తగా కనిపించడం మామూలే.

ఇంకొకటి, పాత కంప్యూటర్‌లో టైప్ చేసిన ఫైళ్లు గౌతమి ఫాంట్‌లో ఉంటాయేమో చూడండి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అది విండోస్‌తోపాటే వచ్చేది, విండోస్ 10, 11లో విడిగా ‘ఆప్షనల్ ఫీచర్స్’లోకి వెళ్లి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ వేసుకోవాలి, లేకపోతే పైన పేరు గౌతమి అనే ఉంటుంది, కనిపించేది వేరే ఫాంట్. అలాగే బోల్డ్ రూపం లేని ఫాంట్‌కి బోల్డ్ పెడితే వర్డ్ ఉన్న అక్షరాన్నే లావు చేస్తుంది, వత్తుల మధ్య ఖాళీలు పూడుకుపోతాయి. పద్యాలకి బోల్డ్ కావాలంటే నిర్మల యూఐ వాడండి, దానికి బోల్డ్ విడిగా గీసి ఉంది, సైజు 14 కంటే తగ్గించకండి.