పానగల్లు కట్ట మీద నడిచే ముందు

చిరంజీవి మనవడికి తాత దీవించి వ్రాయునది.

దసరా సెలవులకు వచ్చినప్పుడు ఊరంతా కాలినడకన తిరిగి చూడాలని ఉందని ఫోనులో చెప్పావు. సంతోషించాను. అయితే నల్లగొండలో ఎటు పడితే అటు తిరిగితే నీకు కనబడేవి దుకాణాల బోర్డులూ ఆటోలూ మాత్రమే. నీళ్ళు ఏ దారిన వచ్చి ఏ దారిన పోతున్నాయో ఆ దారి పట్టుకొని నడవమని నా సలహా.

ముందురోజు సాయంత్రం లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కు. ఎదురుగా కాపురాల గుట్ట, ఈ రెండింటి నడుమ ఊరు, ఆవల పానగల్లు వైపు ఉదయసముద్రం చెరువు కనబడతాయి. ఎత్తుపల్లాలు ఒకసారి కళ్ళతో చూసుకుంటే మరునాడు నీటి దారి అర్థం చేసుకోవడం సులభమవుతుంది. అక్కడ ఎక్కువ సేపు కూర్చోనక్కరలేదు.

నడకకు సద్దుల బతుకమ్మ మరునాటి ఉదయాన్ని ఎంచుకో. వానాకాలంలో కట్ట పక్కన బురద, ఎండాకాలంలో నిలువ నీడ ఉండదు. ఆశ్వయుజంలో నైరుతి వానలు వెనక్కి మళ్ళుతాయి కనుక దారి గట్టిపడి ఉంటుంది, పొలాల్లో వరి ఈనుతూ ఉంటుంది, పత్తి చేలు తెల్లబడడం మొదలవుతుంది. పైగా ముందు రాత్రి ఆడవాళ్ళు సాగనంపిన బతుకమ్మలు ఒడ్డుకు చేరి, తంగేడు పూలు ఇంకా పచ్చగానే తేలుతూ, గునుగు పూలకు అద్దిన రంగు నీళ్ళలో సన్నగా విడుతూ కనబడతాయి. తెల్లవారక ముందే బయలుదేరు. గడియారం సెంటర్ నుంచి పానగల్లు 4 కిలోమీటర్లు. ఎనిమిది దాటితే శరత్కాలపు ఎండ కూడా చురుక్కుమంటుంది.

కట్ట ఎక్కగానే ఫొటోలు తీయడం మొదలుపెట్టకు. ముందుగా నీటిమట్టం చూడు. రాళ్ళ మీద తడి గీత ఎక్కడుందో, ఎండి తెల్లబడిన గీత ఎక్కడుందో చూస్తే నీళ్ళు ఎక్కుతున్నాయా దిగుతున్నాయా తెలుస్తుంది. ఇది మా తరం పిల్లలందరికీ వచ్చిన విద్య. ఈ చెరువును మన ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలంలో ఉదయనుడు తవ్వించాడు, ఆయన పేరే దానికి నిలిచింది. వెనకటి చెరువుకు కట్ట, తూము, మత్తడి అనే మూడూ ప్రాణం. కట్ట నీటిని ఆపుతుంది, తూము పొలానికి ఇస్తుంది, కట్ట తెగకుండా మిగులు నీటిని మత్తడి పంపించేస్తుంది. తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఎంతసేపు పారించాలో నీరటి చూసుకొనేవాడు. ఊళ్ళో పెద్ద రైతు కూడా ఆయనతో మర్యాదగానే మాట్లాడేవాడు, ఎందుకో నీకు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఉదయసముద్రం ఒకటిన్నర టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. నాగార్జునసాగర్ జలాశయం నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు అక్కంపల్లి మీదుగా, అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువలో ఇక్కడిదాకా వస్తాయి. అంటే వెనుక ఈ చెరువు మన చుట్టుపక్కల పడ్డ వాన సంగతి చెప్పేది, ఇప్పుడు కృష్ణ పుట్టే మహాబలేశ్వరం కొండల్లో పడ్డ వాన సంగతి కూడా చెబుతుంది. మన దగ్గర వాన లేని ఏడు కూడా చెరువు నిండి కనబడితే ఆశ్చర్యపోకు. నాకు మాత్రం ఇది అలవాటు కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ నీటి విలువ తెలియాలంటే దారిలో ఏ పాత బోరింగు దగ్గరైనా కాసేపు ఆగు. మన రాతినేలలో లోతుకు పోయిన కొద్దీ ఫ్లోరైడు కలిసిన నీళ్ళే వచ్చేవి. వాటిని తాగి నడుములు వంగిన మనుషుల మధ్య నేను పెరిగాను. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా మన ఊరి పేరే పెట్టి ‘నల్లగొండ టెక్నిక్’ అంటారు. అంత గర్వపడదగ్గ కీర్తి కాదు. తాగే నీళ్ళు ఇంటి నుంచే సీసాలో తీసుకుపో.

నీళ్ళు పారే రాతి మీద కాలు పెట్టకు. నీ వయసులో నేను మత్తడి రాళ్ళ మీద పాకుడుకు జారి మోకాలు పగలగొట్టుకున్నాను, ఆ మోకాలే ఇప్పుడు చలికాలం వస్తున్నట్టు ముందుగా చెబుతుంది. కాలువ గట్టున గడ్డి ఏపుగా ఉంటుంది కనుక చేతిలో ఒక కర్ర ఉంచుకో. పాలపిట్ట కోసం కరెంటు తీగల మీద చూడు. పంజరంలో పెట్టి తెచ్చి చూపించేవాళ్ళకు మాత్రం రూపాయి కూడా ఇవ్వకు.

కట్ట దిగి పొలాల మధ్యనున్న ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్ళు. మూడు గర్భగుడులున్న త్రికూటాలయం అది. లింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభపు నీడ కదలకుండా నిలుస్తుంది. అది ఒక్క స్తంభం నీడ కాదు. తెరిచి ఉన్న వైపుల నుంచి వచ్చే వెలుతురు వేర్వేరు స్తంభాలకు తగిలి, వాటి నీడలు ఒకచోట కలిసి ఒక్కటిగా కనబడతాయి. పూజారిని అడిగే ముందు నువ్వే మండపంలో అటూ ఇటూ నిలబడి కనిపెట్టడానికి ప్రయత్నించు. తరువాత పచ్చల సోమేశ్వరాలయం చూడు, పక్కనే మ్యూజియం కూడా ఉంది.

కట్ట దాకా నేనూ నీతో నడుస్తాను. అక్కడి నుంచి కాలువ దారి నీ ఒక్కడిదే. నేను ఆటోలో వచ్చి పచ్చల సోమేశ్వరాలయం దగ్గర కూర్చుంటాను, నువ్వు వచ్చేసరికి సీతాఫలాలు కొని ఉంచుతాను.

ఇట్లు,
మీ తాత