బ్లేడు తెగడం, గీత కుడికి జారడం – సమాధానం

తమ్ముడూ, స్క్రోల్ సా (సన్నటి బ్లేడుతో వంపులు కోసే కరెంటు రంపం) మీద 18 మి.మీ. టేకు పలకలో శంఖుచక్రాలు కోస్తుంటే నెంబరు 2 బ్లేడ్లు వరసగా తెగిపోతున్నాయనీ, గీత కుడికి జారుతోందనీ రాశావు. మిషన్‌ది తప్పు కాదు, మార్చొద్దు.

అంత మందానికి నెంబరు 2 మరీ సన్నం. 5 గానీ 7 గానీ వెయ్యి. ప్లగ్గు పీకేసి, బ్లేడు బిగించాక వేలితో మీటి చూడు. తీగలా ఖంగున పలకాలి, డబ్బుమంటే వదులున్నట్టే. కొత్త బ్లేడ్లకి తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది. రెండు చివర్లూ థిన్నర్‌తో తుడిచి, సన్న గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దు, బ్లేడుని పట్టి ఉంచే క్లాంపులోంచి జారదు. నేను తిరుపతి కొర్లగుంటలో మిద్దె మీద మిషన్ పెట్టుకున్న కొత్తలో నెల రోజులు ఈ నూనె సంగతి తెలియకే విసిగిపోయాను.

కుడికి జారేది నీ చేతి లోపం కాదు. రేకులోంచి అచ్చు గుద్ది చేసే బ్లేడుకి ఒక పక్క అంచు గరుకు ఎక్కువుంటుంది, ఆ పక్కకే లాగుతుంది. గీతని బలవంతాన సరిచేయకుండా పలకనే కొంచెం ఏటవాలుగా తిప్పి పట్టుకో. ముందు టింబర్ డిపోలో తుక్కు ముక్కలు తెచ్చి, సూటి గీతలు కోసి ఎంత తిప్పాలో చూసుకో.

చెక్కని తొయ్యొద్దు, బ్లేడే తినాలి. పొగ వాసనొస్తే స్పీడు తగ్గించు. కళ్లద్దాలు, మాస్కు మాత్రం మానొద్దు, టేకు పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

బ్లేడు ఎక్కడ తెగుతోందో, మధ్యలోనా క్లాంపు దగ్గరా, ఫోటో పెట్టు, చూస్తాను.