ఫుట్‌బాల్ కోచ్ ఆశావహులు, మన లంచ్ టేబులు

సందేహం: అన్నయ్యా, మాస్టర్స్ అయ్యాక ఆగస్టులో హ్యూస్టన్‌లో ఉద్యోగంలో చేరాను. ప్రాజెక్టు అర్థమవుతోంది కానీ లంచ్ టేబులే అర్థం కావట్లేదు. నవంబరు వచ్చిందగ్గర్నుంచీ ఎవరో కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ని తీసేశారని, ఆ స్థానంలోకి ఎవరొస్తారని రోజూ అదే గోల. పది పేర్లు చెప్తారు, మర్నాటికి అందులో ఐదు మారిపోతాయి. మా మేనేజర్ కూడా అందులోనే. నేను తలూపుతూ కూర్చుంటున్నాను. ఇది నేర్చుకోవాలా, వదిలేయాలా?

జవాబు: తమ్ముడూ, తలూపడం మంచిదే. నేను నోరు విప్పి నవ్వులపాలైనవాణ్ణి.

2007 నవంబరు మొదట్లో సంగతి. నేనొచ్చి నాలుగు నెలలు. మా క్యూబికల్ గోడ అవతల ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. టెక్సస్ ఏ అండ్ ఎం జాబ్ ఓపెన్ కాబోతోందట, జీతం బ్రహ్మాండమట, ఎవరెవరో పోటీలో ఉన్నారట. నా కాంట్రాక్టు డిసెంబరుతో అయిపోతోంది. యూనివర్సిటీ ఉద్యోగమంటే లేఆఫుల బెడద ఉండదు కదా అనుకున్నాను. ధైర్యం చేసి లేచి వెళ్ళి, నాకు జావాలో ఐదేళ్ళ అనుభవం ఉంది, కాస్త రిఫర్ చేస్తారా అని అడిగాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందులో పెద్దాయన చాలా మర్యాదగా, "దానికి జావా అక్కర్లేదు, ఏటా నవంబర్లో టెక్సస్ యూనివర్సిటీని ఓడిస్తే చాలు" అన్నాడు.

తమాషా ఏమిటంటే ఓడించినా చాలదు. ఆ నెల 23న అప్పటి కోచ్ డెన్నిస్ ఫ్రాంకియోని టెక్సస్ మీద 38-30తో గెలిచాడు, గెలిచిన కాసేపటికే రాజీనామా ఇచ్చాడు. మూడు రోజులు తిరిగేసరికి మైక్ షెర్మన్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. లేఆఫుల బెడద లేని ఉద్యోగమనుకున్నానా!

అసలు 'కాలేజీ' అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మన కాలేజీల్లో ఆటలంటే ఈల మెళ్ళో వేసుకున్న పి.డి. సారు, ఏడాదికోసారి స్పోర్ట్స్ డే, గెలిస్తే ఓ స్టీలు గ్లాసు. ఇక్కడ కాలేజ్ స్టేషన్ అనే ఊళ్ళో ఏ అండ్ ఎం వాళ్ళ కైల్ ఫీల్డ్‌లో 1,02,733 సీట్లున్నాయి. శనివారం ఆట ఉంటే ఆ దారిన బండి వేసుకుని వెళ్ళకు, అంతే. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతాల జాబితాలో అందరికన్నా పైన ఉండేది గవర్నరు కాదు, యూనివర్సిటీ కోచ్. కాబట్టి మీ మేనేజర్ దీన్ని సీరియస్‌గా తీసుకోవడంలో వింతేమీ లేదు.

ఇక ఆ పేర్ల గోల. మన పేపర్లలో ఎమ్మెల్యే టికెట్ల వార్తలు చదివిన అనుభవం నీకుందిగా, ఇది అదే. ఆశావహులు ఉంటారు. 'నేను రేసులో లేను' అంటూనే రేసులో ఉండేవాళ్ళుంటారు. రాత్రికి రాత్రి తెరమీదికొచ్చే కొత్త పేరు ఉంటుంది. పైన అధిష్ఠానం ఉంటుంది. ఇక్కడ అధిష్ఠానమంటే అథ్లెటిక్ డైరెక్టర్ ఒక్కడే కాదు, గవర్నరు నియమించే రీజెంట్ల బోర్డు, ఆ వెనక చెక్కులు రాసే పూర్వ విద్యార్థులు. ఈ చందాదారుల్ని బూస్టర్లంటారు. రెండు వైపులా మాట్లాడే పెళ్ళిళ్ళ పేరయ్య పాత్ర ఏజెంటుది. జిమ్మీ సెక్స్టన్ అనే ఒక్క ఏజెంటు చేతిలోనే నిక్ సేబన్, జింబో ఫిషర్, కర్బీ స్మార్ట్, లేన్ కిఫిన్ లాంటి పేరున్న కోచ్‌లందరూ ఉండేవారంటే చూసుకో. ఓ చోట ఖాళీ వస్తే ఇంకో నాలుగు చోట్ల కుర్చీలు కదులుతాయి. దీన్ని కోచింగ్ కరౌసెల్ అంటారు, అంటే తిరనాళ్ళ రంగులరాట్నమే.

ఇప్పుడు మీ టేబుల్ దగ్గర నడుస్తున్న పేర్ల గురించి చెబితే రేపటికి పాచిపోతుంది. అందుకని అయిపోయిన ఓ కోచ్ వేట గురించి చెప్తాను. అది అర్థమైతే ఏ వేటైనా అర్థమవుతుంది.

జింబో ఫిషర్ ఫ్లోరిడా స్టేట్‌కి 2013 సీజన్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టినవాడు. 2017 డిసెంబరులో ఏ అండ్ ఎం ఆయన్ని పదేళ్ళకి 7.5 కోట్ల డాలర్లతో తెచ్చుకుంది, మొత్తం గ్యారంటీ. ఛాన్సలర్ ఆయనకో ఫలకం కూడా బహూకరించాడు. 'నేషనల్ ఛాంపియన్స్' అని చెక్కించి, సంవత్సరం దగ్గర 20 వేసి పక్కన ఖాళీ వదిలారు. అంకెలు ఆయన నింపుకోవాలన్నమాట. ఈ స్కూలు (ఇక్కడ యూనివర్సిటీనీ స్కూలనే అంటారు) చివరిసారి ఛాంపియన్‌షిప్ గెలిచింది 1939లో! 2021లో కాంట్రాక్టుని 2031 దాకా పొడిగించారు. 2022లో జట్టు 5 గెలిచి 7 ఓడింది. 2023 నవంబరు 11 శనివారం మిసిసిపీ స్టేట్‌ని 51-10తో చితక్కొట్టాడు. ఆదివారం తీసేశారు. ఖాళీ ఖాళీగానే మిగిలింది.

గడువుకి ముందే తీసేసినందుకు కట్టాల్సిన సొమ్ముని బైఅవుట్ అంటారు. ఫిషర్‌ది 7.6 కోట్ల డాలర్ల పైమాట. ఆనాటి రేటుకి 600 కోట్ల రూపాయలు దాటింది. అందులో సుమారు 1.9 కోట్ల డాలర్లు 60 రోజుల్లోపు, మిగతాది ఏటా 72 లక్షల చొప్పున 2031 దాకా. వేరేచోట పని దొరికినా ఇందులో పైసా తగ్గదు. 60 రోజులు అన్న మాట దగ్గర మనవాళ్ళెవరికైనా గుండె కలుక్కుమంటుంది. ఉద్యోగం పోయిన హెచ్-1బి మనిషికి కూడా గడువు 60 రోజులే, అది కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికో సూట్‌కేసులు సర్దుకోవడానికో. ఈ పోలిక నేను ఆఫీసులో ఎప్పుడూ పైకి అనలేదు, నువ్వూ అనకు. ఇంటికొచ్చి ఇంట్లోవాళ్ళతో అనుకుని నవ్వుకో. "మన పన్ను డబ్బులు తగలేశారు" అని కూడా తొందరపడి అనకు. ఆ సొమ్ము అథ్లెటిక్ విభాగం ఆదాయం నుంచీ, దాతల సంస్థ నుంచీ వస్తుంది, పన్నుల్లోంచి కాదని డైరెక్టర్ అప్పుడే ప్రకటించాడు. ఎవరో ఒకరు ఈ మాట నీకు గుర్తుచేసి వాదనకి దిగుతారు.

అప్పుడు వినిపించిన పేర్లలో అందరూ కోరుకున్నది ఆరెగన్ కోచ్ డాన్ లానింగ్‌ని. కుర్రాడు, దూకుడు. కానీ ఆయన్ని లాక్కురావాలంటే ఆరెగన్‌కి 2 కోట్ల డాలర్లు కట్టాలి, పైగా తానెక్కడికీ వెళ్ళనని ఆయనే చెప్పేశాడు. తర్వాత 2024 జనవరిలో అలబామా కుర్చీ ఖాళీ అయినప్పుడూ వీడియో పెట్టి మరీ తేల్చేశాడు. ఇంకొకరు యూటీఎస్ఏ, అంటే టెక్సస్ యూనివర్సిటీ శాన్ ఆంటోనియో శాఖ, కోచ్ జెఫ్ ట్రేలర్. ఆయన పక్కా లోకల్. గిల్మర్ అనే చిన్న ఊళ్ళో హైస్కూల్ కోచ్‌గా మూడుసార్లు రాష్ట్ర ఛాంపియన్‌షిప్ కొట్టాడు, అక్కడి స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. టెక్సస్ హైస్కూల్ కోచ్‌లందరూ ఆయన మనుషులే. కుర్రాళ్ళని కాలేజీకి రప్పించాలంటే ఆ పలుకుబడి ఎంత అవసరమో ఇక్కడివాళ్ళకి తెలుసు. ఫ్లోరిడా స్టేట్ కోచ్ మైక్ నార్వెల్ పేరు కూడా నలిగింది. ఆయన పుట్టింది డాలస్ పక్కనున్న మన అర్వింగ్‌లో. అవును, మన బిర్యానీ సెంటర్ల అర్వింగే. ఇక మైక్ ఎల్కో. డ్యూక్ యూనివర్సిటీ కోచ్, అంతకుముందు 2018 నుంచి 2021 దాకా ఫిషర్ కిందే డిఫెన్స్ చూసుకున్నవాడు. ఇంటి మనిషన్నమాట.

కొన్ని పేర్లు నిజంగా రావడానికి వినిపిస్తాయి, కొన్ని జీతం పెంచుకోవడానికి వినిపిస్తాయి. ఈ తేడా పట్టుకోగలిగితే సగం నేర్చుకున్నట్టే. ఎవరిదైనా పేరు హఠాత్తుగా మోగిపోతోందంటే, ఆయన ఇప్పుడున్న స్కూల్లో కాంట్రాక్టు పొడిగింపు మాటలు నడుస్తున్నాయేమో చూడు. నార్వెల్ సంగతే తీసుకో. 2024 జనవరిలో అలబామా వేటలో ఆయన పేరు బాగా తిరిగింది. వెంటనే ఫ్లోరిడా స్టేట్ ఏడాదికి కోటి డాలర్లు దాటించి ఎనిమిదేళ్ళకి కొత్త ఒప్పందం రాసిచ్చింది. ఆ ఏడాది ఆయన జట్టు 2 గెలిచి 10 ఓడింది.

సరే, 2023కే వద్దాం. నవంబరు 25, శనివారం. పగలు ఏ అండ్ ఎం లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) చేతిలో 42-30తో ఓడింది. సాయంత్రం మా పక్కింటాయన థాంక్స్‌గివింగ్‌లో మిగిలిన టర్కీ పట్టుకుని మా పెరటి గేటు తీసుకుని వచ్చాడు. మాకు కార్తీకమాసం, ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగడం లేదు. మా ఆవిడ మొహమాటంగా డబ్బా తీసుకుని ఓ గిన్నెడు పులిహోర ఇచ్చింది. ఆయన పులిహోర తింటూ ఫోను చూస్తున్నాడు. వేలికి ఏ అండ్ ఎం ఉంగరం, బంగారంది, లావుపాటిది. దాంతో గాజు బల్ల మీద టక్ టక్ టక్. చూస్తుండగానే ఆ చప్పుడు ఆగింది. కెంటకీ కోచ్ మార్క్ స్టూప్స్‌తో ఒప్పందం దాదాపు కుదిరిందని వార్త.

స్టూప్స్ అన్న పేరు అప్పటిదాకా మా టేబుల్ దగ్గర ఎవరి నోటా నేను వినలేదు. తక్కువవాడేం కాదు, కెంటకీ లాంటి బాస్కెట్‌బాల్ రాష్ట్రంలో 11 ఏళ్ళుగా జట్టుని నిలబెట్టినవాడు. కానీ ఆ ఏడాది ఆయన లెక్క 7 గెలుపులు, 5 ఓటములు. ఏ అండ్ ఎం లెక్కా అచ్చం 7-5. పక్కింటాయన స్పూను కింద పెట్టి, "7-5ని తీసేసి 7-5ని తెచ్చుకోవడానికా 7.6 కోట్లు కట్టింది?" అన్నాడు. ఆ రాత్రి ఆయన ఒక్కడే కాదు, అభిమానులందరూ భగ్గుమన్నారు. రీజెంట్లకి ఫోన్లు, మెసేజ్‌లు. రాత్రి గడవకముందే కథ అడ్డం తిరిగింది, తాను కెంటకీలోనే ఉంటున్నానని స్టూప్స్ ప్రకటించాడు. పులిహోర గిన్నె మాత్రం వారం తర్వాత వచ్చింది.

సోమవారం, 27న, ఎల్కో పేరు ఖరారైంది. డ్యూక్‌లో రెండేళ్ళలో 16-9, జీతం ఏడాదికి 70 లక్షల డాలర్లు, అంటే ఫిషర్‌కన్నా చవక. మొదట్నుంచీ జాబితాలో ఉన్న ఇంటి మనిషే చివరికి వచ్చాడు. అంత హడావుడి ఎందుకని నువ్వడగొచ్చు. ఆ ఏడాది డిసెంబరు 20న హైస్కూల్ కుర్రాళ్ళు ఏ కాలేజీకి ఆడతారో తేల్చుకుని సంతకాలు పెట్టే రోజు. కోచ్ లేని ఇంటికి ఏ కుర్రాడూ రాడు. ఉన్నవాళ్ళు కూడా ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో పేరు పెట్టేసుకుని వేరే స్కూలుకి పోతారు.

రంగులరాట్నం ఎంత వేగంగా తిరుగుతుందో చూడాలంటే అలబామా చూడు. 17 సీజన్లలో ఆ స్కూలుకి ఆరు ఛాంపియన్‌షిప్‌లు ఇచ్చిన సేబన్ 2024 జనవరి 10న రిటైరయ్యాడు. 12న వాషింగ్టన్ నుంచి కేలెన్ డిబోర్‌ని తెచ్చుకున్నారు. 14న వాషింగ్టన్ వాళ్ళు ఆరిజోనా నుంచి జెడ్ ఫిష్‌ని లాక్కున్నారు. 16న ఆరిజోనా వాళ్ళు శాన్ హోజే స్టేట్ నుంచి బ్రెంట్ బ్రెనన్‌ని తెచ్చుకున్నారు. ఒక పెద్దాయన విశ్రాంతి తీసుకుంటానంటే వారం తిరక్కముందే దేశానికి అటు చివర నాలుగో స్కూలు కోచ్ కోసం వెతుక్కుంటోంది.

నువ్వేం చేయాలంటావా. ఆట రూల్సన్నీ బట్టీ పట్టక్కర్లేదు, నేనిప్పటికీ కొన్ని పెనాల్టీలు అర్థం కాక మా అమ్మాయిని అడుగుతాను. ఓ పేరు వినిపించగానే "ఆయన బైఅవుట్ ఎంత?" అని అడుగు. టేబులంతా నీవైపు తిరుగుతుంది, ఆ తర్వాత పావుగంట నువ్వు మాట్లాడక్కర్లేదు. ప్రైవేటు విమానాల నంబర్లు పట్టుకుని కాలేజ్ స్టేషన్‌లోని ఈస్టర్‌వుడ్ విమానాశ్రయంలో ఎవరు దిగుతున్నారో ట్రాక్ చేసే మహానుభావులు కూడా ఉంటారు. వాళ్ళని చూసి నవ్వకు, మనం టికెట్ల పంపిణీ రోజు టీవీ ముందు ఎలా కూర్చుంటామో గుర్తుతెచ్చుకో. "ఆటే కదా, ప్రొఫెసర్లకన్నా ఇంత జీతమేమిటి" అన్న మాట మాత్రం వద్దు. న్యాయమైన ప్రశ్నే, వాళ్ళలో వాళ్ళు కూడా అడుక్కుంటారు. కానీ కొత్తగా వచ్చినవాడి నోట్లోంచి వస్తే వెటకారంలా వినిపిస్తుంది.

ఇంకో మాట, ఇది కాస్త గట్టిగానే చెప్తున్నాను. తదుపరి కోచ్ ఎవరని ఫోన్లో పందేలు కాయించే సైట్లుంటాయి. టెక్సస్‌లో స్పోర్ట్స్ బెట్టింగ్ చట్టబద్ధం కాదు. వీసా మీద ఉన్నవాడివి, సరదాకి కూడా అటు పోకు.

నేను రిఫరల్ అడిగిన పెద్దాయన రిటైరై చాలా ఏళ్ళయింది. ఏ అండ్ ఎం కోచ్ కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా నాకో మెసేజ్ పెడతాడు, 'రెజ్యుమే రెడీయా?' అని. 2011లో పెట్టాడు, 2017లో పెట్టాడు, 2023లో పెట్టాడు. 2025లో ఎల్కో వరసగా 11 ఆటలు గెలిచినప్పుడు నేనే పెట్టాను, 'ఇప్పట్లో ఖాళీ లేనట్టుందే' అని. నవంబరు నెలాఖర్న టెక్సస్ చేతిలో ఓడారు. ఆ రాత్రే ఫోను మోగింది. మెసేజ్‌లో మాటల్లేవు, ఓ కాఫీ కప్పు బొమ్మ, జావా గుర్తు.