తిన్న తర్వాత ఇన్సులిన్ ఎంతుందో వాచీ చెప్పగలదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే సమస్య) ఉందన్నారు. మా అమ్మకు షుగర్ ఉంది. నాకు పరగడుపున షుగర్ 94, తిన్న రెండు గంటలకు 131, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే పరీక్ష) 5.6 వచ్చాయి. అయినా మెడ నల్లబడుతోంది, రెండేళ్లలో 8 కిలోలు పెరిగాను. షుగర్ బాగానే ఉన్నా లోపల ఇన్సులిన్ ఎక్కువై ఉంటుందని అక్క అంటోంది. నాకు సూదంటే చచ్చేంత భయం. రెండుసార్లు ల్యాబ్‌లోనే కళ్లు తిరిగి పడిపోయాను. సూది గుచ్చకుండా, తిన్న తర్వాత ఇన్సులిన్ ఎంత పెరిగిందో చూపించే వాచీ అంటూ ఫోన్‌లో ప్రకటన వచ్చింది. కొనొచ్చా? వచ్చే ఏడాది పిల్లల కోసం ప్రయత్నిద్దామనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ వాచీ కొనకండమ్మా. చర్మం మీద పెట్టుకుంటే ఇన్సులిన్‌ను కొలిచే వాచీ గానీ, ఉంగరం గానీ ఇవాళ వైద్యంలో లేదు. ఇన్సులిన్ సంగతి అటుంచి, సూది లేకుండా షుగర్ కొలుస్తామని చెప్పే వాచీలు, ఉంగరాలను కూడా నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి ఒక్క పరికరానికి కూడా తాము అనుమతి ఇవ్వలేదని అప్పుడు స్పష్టంగా చెప్పింది. వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ లైటు చూసేది మీ నాడిని. నాడి వేగం, మీరు ఎంటర్ చేసిన భోజనం వివరాలు కలిపి ఏదో ఒక అంకె చూపిస్తే అది అంచనా మాత్రమే, పరీక్ష కాదు.

ఎందుకు కుదరదో కూడా తెలిస్తే ఇలాంటి ప్రకటన మళ్లీ వచ్చినా మీరు మోసపోరు. పరగడుపున ఒక లీటరు ప్లాస్మాలో దాదాపు ఒక గ్రాము గ్లూకోజ్ ఉంటుంది. అదే లీటరులో ఇన్సులిన్, ఒక గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం కూడా సాధారణంగా ఉండదు. తిన్న తర్వాత ఐదారు రెట్లు పెరిగినా అది అతి సూక్ష్మమైన మొత్తమే. రక్తం చేతిలో ఉన్నా దాన్ని కొలవడం ఒకప్పుడు పెద్ద సమస్య. రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రేడియోధార్మిక అయోడిన్ సాయంతో 1960 నాటికి దాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. అందుకే యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. బెర్సన్ అప్పటికే చనిపోయారు.

చేతికి అతికించుకునే 14 రోజుల సెన్సర్ గురించి కూడా విని ఉంటారు. అది మంచి పరికరమే. అయితే వెంట్రుకలాంటి సన్నని తీగ చర్మం కిందకు వెళ్తుంది, కొలిచేది కూడా షుగర్‌నే. షుగర్‌ను బట్టి ఇన్సులిన్ ఎంతుందో చెప్పలేం. మేడ మీద ట్యాంకు నిండిందని చూస్తే నిండిందనే తెలుస్తుంది, మోటారు ఎంతసేపు తిరిగిందో తెలియదు కదా! మీ 131 కూడా అంతే. దాన్ని అక్కడ నిలబెట్టడానికి, ఇన్సులిన్‌ను తయారుచేసే మీ క్లోమం మామూలుగా పనిచేసిందో, రెట్టింపు కష్టపడిందో ఆ అంకెలో కనిపించదు. కాబట్టి మీ అక్క అన్నది తీసిపారేయాల్సిన మాట కాదు.

సూది లేకుండా ఇన్సులిన్ జాడ తెలిపే నిజమైన పరీక్ష ఒకటుంది, మూత్రంలో సి-పెప్టైడ్. ఇన్సులిన్ తయారయ్యేటప్పుడు విడిపోయే చిన్న ముక్క ఇది. క్లోమం ఇన్సులిన్‌ను విడుదల చేసినప్పుడల్లా దానితో సమానంగా సి-పెప్టైడ్ కూడా బయటికొస్తుంది. ఇన్సులిన్‌లో సగం దాకా లివర్ దగ్గరే ఆగిపోతుంది, మిగిలింది నిమిషాల్లో సగానికి పడిపోతుంది. సి-పెప్టైడ్ అలా కాదు, సగానికి తగ్గడానికి దాదాపు అరగంట పడుతుంది, కొంత మూత్రంలోకి వస్తుంది. ఆ రోజు తినే పెద్ద భోజనానికి ముందు మూత్రానికి వెళ్లి రావాలి. రెండు గంటల తర్వాత పోసిన మూత్రాన్ని ల్యాబ్‌కివ్వాలి. అదే మూత్రంలో ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థంతో పోల్చి లెక్క కడతారు. ప్రతి ల్యాబ్‌లోనూ చేయరు, ముందే అడగాలి.

అయితే మేము దీన్ని ముఖ్యంగా వాడేది ఇన్సులిన్ బాగా తగ్గిపోయిందా, ఇది టైప్ 1 షుగరా అని తేల్చడానికి. మీ సమస్య దానికి రివర్స్. మీలో ఇన్సులిన్ ఎంత ఎక్కువుందో చెప్పడానికి ఇది నమ్మకమైన కొలబద్ద కాదు. లాలాజలంలోనూ భోజనం తర్వాత ఇన్సులిన్ పెరుగుతుంది గానీ, అది ఇంకా పరిశోధన దగ్గరే ఉంది.

ఇక మీ విషయం. అసలు మీకు ఆ అంకె అవసరమా? పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ఇన్సులిన్ పరీక్ష మామూలుగా చేయించనక్కర్లేదని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ల్యాబ్ మారితే ఫలితం మారుతుంది, శాంపిల్‌లో రక్తకణాలు పగిలితే తగ్గుతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే కొన్ని పద్ధతుల్లో తప్పు అంకె వస్తుంది. మీరు ఎప్పుడైనా చేయించుకోవాల్సి వస్తే ఆ మాత్రల సంగతి ల్యాబ్‌లో చెప్పండి.

మీ మెడే చాలావరకు చెప్పేసింది. ఆ నలుపు మట్టి కాదు. ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు అక్కడి చర్మ కణాలు ఎక్కువగా పెరిగి, మందంగా, ముఖమల్ గుడ్డలా తయారవుతాయి. సున్నిపిండితో, పీచుతో రుద్దకండి, పుండు పడుతుంది తప్ప తగ్గదు. శుభ్రంగా ఉండటం లేదని ఎవరైనా అంటే ఈ మాట వాళ్లకూ చూపించండి. ఇంట్లో టైలర్ టేపు ఉంటే, పక్కటెముకల చివరకు, తుంటి ఎముక పైభాగానికి మధ్యలో, ఊపిరి వదిలాక నడుము కొలవండి. మన దేశపు మహిళలకు 80 సెంటీమీటర్లు దాటితే ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్ ఉన్నా శరీరం దానికి సరిగా స్పందించకపోవడం, ఉండే అవకాశం ఎక్కువ. ఇది పైసా ఖర్చు లేని పరీక్ష.

ఇన్సులిన్‌ను తగ్గించే పని ఈ పూటే మొదలుపెట్టొచ్చు. కంచంలో ముందు కూర, పప్పు తిని అన్నం చివర్లో కలుపుకోండి, అన్నం తగ్గుతుంది, షుగర్ కూడా నెమ్మదిగా ఎక్కుతుంది. తిన్న వెంటనే పడుకోకుండా పావుగంట నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ను తీసుకుంటుంది. ఉన్న బరువులో నూటికి ఐదు వంతులు తగ్గినా చాలామందికి నెలసరి గాడిన పడుతుంది. మందులు అవసరమా అన్నది మీ గైనకాలజిస్ట్ మిమ్మల్ని చూసి చెప్పాలి.

ఒక పరీక్ష మాత్రం వదలొద్దు. గర్భం కోసం ప్రయత్నించే ముందు 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష చేయించుకోండి. రెండు గంటల షుగర్ 140 లోపు ఉంటే మామూలు, 140 నుంచి 199 వరకు ప్రీడయాబెటిస్, 200 లేదా ఆపైన వస్తే షుగర్ వ్యాధిగా అనుమానించి మళ్లీ నిర్ధారిస్తాం. మీరు చేయించిన తిన్న తర్వాతి షుగర్ దీనికి బదులు కాదు. దీనికి సూది తప్పదు, రెండుసార్లు. మీ భయం చిన్నదని నేను అనను, కళ్లు తిరగడం శరీరం చేసే పని, మీ పిరికితనం కాదు. ముందే డాక్టర్‌ను అడిగి చర్మం మొద్దుబారే క్రీమ్ రాయించుకుని, సూది పెట్టే చోట గంట ముందు రాయండి. పరగడుపైనా మంచినీళ్లు తాగొచ్చు, తాగి వెళ్లండి. గతంలో పడిపోయానని సిబ్బందికి చెప్పి, కుర్చీలో కాకుండా మంచం మీద పడుకుని రక్తమివ్వండి. కాళ్లూ, రెండో చేయీ గట్టిగా బిగించి వదులుతూ ఉండండి, బీపీ పడిపోకుండా అది సాయపడుతుంది. అక్కను తోడు తీసుకెళ్లండి.