ఎక్స్‌రే చూడకుండా లాడం కొట్టించకు

రమ్యా,

గిండీ రేసుల్లోంచి రిటైరైన ఆడగుర్రాన్ని తెచ్చుకున్నావని, అది ముందు కాలు కుంటుతోందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనింట్లో నా తర్వాత గుర్రం పక్కన నిలబడ్డదానివి నువ్వే, గర్వంగా ఉంది. కానీ స్పెషల్ లాడాలు ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేశావట. ఇంత తొందరేంటమ్మా? ఆ పార్సిల్ విప్పకు. జబ్బేమిటో తేలాకే లాడం.

ముందు ఏ కాలో చూసుకో. గట్టి నేల మీద ట్రాట్ చేయిస్తే, అంటే మెల్లగా పరిగెత్తిస్తే, నొప్పి కాలు ఆనగానే తల పైకి లేస్తుంది. గిట్ట వేడిగా ఉందేమో చెయ్యి పెట్టి చూడు. ఉన్నట్టుండి కాలే మోపలేకపోతే చీము పట్టిందేమో. దానికి చీము తీసే డాక్టరు కావాలి, లాడం కాదు. నావిక్యులర్ అయితే, అంటే గిట్ట లోపల వెనకవైపుండే చిన్న ఎముక దగ్గర నొప్పి అయితే, ముందు కొన గుండ్రంగా మలిచిన లాడమో, మడమ వెనక్కి సాగే గుడ్డు ఆకారపు ఎగ్‌బార్ లాడమో వేస్తారు. మడమ ఎత్తే ప్యాడ్లు ఏళ్ళ తరబడి ఉంచితే మాత్రం మడమలు నలిగిపోతాయి.

నా అసలు భయం లామినైటిస్, అంటే గిట్ట గోడని లోపలి ఎముకకి పట్టి ఉంచే పొర వాచిపోవడం. నేను సైసుగా, అంటే గుర్రాలు చూసుకునేవాడిగా, ఉన్న ఒక లాయంలో ఓ ఆడగుర్రం ముందు కాళ్ళు రెండూ చాపి, బరువంతా వెనక్కేసి నిలబడేది. యజమాని ఎవరి దగ్గరో విని హార్ట్‌బార్, అంటే పాదం కింది మెత్తటి భాగానికి ఆనే బార్ ఉన్న లాడం, కొట్టించమన్నాడు, ఎక్స్‌రే తర్వాత చూద్దామన్నాడు. ఆ బార్ కొన ఎక్కడ ఆగాలన్నది లోపలి ఎముక ఎంత తిరిగిందో చూసి తేల్చాలి. వాళ్ళు కంటి అంచనాతో కొట్టేశారు. సాయంత్రానికి గుర్రం పడుకుండిపోయింది. మేత ముట్టలేదు, మెడంతా చెమట. రాత్రి డాక్టరొచ్చి సుత్తి తాకనివ్వకుండా మేకులు ఒక్కొక్కటే లాగించాడు. మేకు కదిలినప్పుడల్లా కాలంతా వణికేది. లాడం ఊడాక చూస్తే పాదం కింది మెత్తటి భాగంలో బార్ అచ్చు లోతుగా దిగి ఉంది. తర్వాత ఎక్స్‌రే ముందు పెట్టుకుని, అదే మనిషి అదే రకం లాడం కొట్టాడు. ఈసారి గుర్రం నిలబడింది, నడిచింది కూడా.

అందుకే గట్టిగా చెబుతున్నా. 1903లో మొదలైన వెటర్నరీ కాలేజీ వేపేరిలో ఉంది, చెన్నైలో చూపించడానికి దిక్కులేదని నాతో అనకు. డాక్టరూ, లాడాలు కొట్టే ఆయనా కలిసి ఎక్స్‌రే చూడాలి. ఒకరి మాట ఇంకొకరికి నువ్వు మోయకు.

నాలుగు నుంచి ఆరు వారాలకోసారి విప్పి, గిట్ట చెక్కించి, మళ్ళీ కొట్టించు. గిట్ట నెలకి సుమారు సెంటీమీటరే పెరుగుతుంది. డాక్టరు సరేననేదాకా సవారీ మాట ఎత్తకు. అక్టోబరు, నవంబరు వానల్లో షెడ్డులో నీళ్ళు నిలవనివ్వకు, నాని మెత్తబడ్డ గిట్టలో మేకులు పట్టవు.

ఇంకోటి, లామినైటిస్ భయం ఉంది కాబట్టి బెల్లం పెట్టకు. చిన్నప్పుడు లాయానికి వస్తే నీ గౌను జేబు నిండా బెల్లం ముక్కలే, నువ్వు తినకుండా వాటికే పెట్టేదానివి. ఇప్పుడు మానెయ్యి తల్లీ. దాణా కూడా డాక్టరు చెప్పినంతే.

ఎక్స్‌రే ఏ రోజో చెప్పు. గుర్రాన్ని ఒక్కదానివే వ్యాన్ ఎక్కించకు, నేనొస్తాను.

మావయ్య